భుజాలు తడుముకోని దొంగలు

1944లో లండన్‌లో ఒక ప్రచురణకర్తకు పందులు నచ్చలేదు. ఆయన పేరు జొనాథన్ కేప్. చేతిలో ఉన్నది జార్జ్ ఆర్వెల్ రాసిన ‘యానిమల్ ఫామ్’ రాతప్రతి. కథ బాగుందట. జంతువులు తిరగబడటమూ బాగుందట. కానీ రాజ్యమేలేవి పందులే కావాలా? వేరే జంతువును పెడితే అంత నొప్పి తగలదు కదా? రష్యావాళ్లు అసలే సున్నిత మనస్కులు. పైగా యుద్ధంలో మన పక్షం. వాళ్లేమనుకుంటారు?

మరి దేన్ని పెట్టాలట? కుందేళ్లనా?

ఈ భయం ఆయన సొంత బుర్రలో పుట్టింది కాదు. బ్రిటన్ సమాచార మంత్రిత్వ శాఖ అధికారి ఒకరు చెవిలో ఊదారు. ఆ అధికారి సోవియట్ ఏజెంటని తర్వాత్తర్వాత బయటపడింది. అదే ఏడాది ఫేబర్ సంస్థ తరఫున టి.ఎస్. ఎలియట్ కూడా పుస్తకాన్ని తిప్పి పంపాడు. ఆయనగారి అభ్యంతరం ఇంకా పసందైనది. పందులు మిగతా జంతువులకన్నా తెలివైనవి కదా, నడపడానికి అవే తగినవి కదా, కావలసిందల్లా కాస్త ప్రజాసేవ బుద్ధి ఉన్న పందులే కదా అని! మహాకవి అనిపించుకున్నవాడు అన్న మాట ఇది. మన పార్టీ ఆఫీసుల్లో టికెట్లు పంచే పెద్దమనిషి కూడా ఇంతకన్నా తియ్యగా చెప్పలేడు.

గమనించారా? ఆర్వెల్ కథలో ఎక్కడా స్టాలిన్ లేడు. మాస్కో లేదు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పొలం, నాలుక్కాళ్ల జీవాలు. అంతే. అయినా ఎవరి చేతులు వాళ్ల భుజాల మీదికి వెళ్లిపోయాయి. గుమ్మడికాయల దొంగ ఎవరో అని గాలిలోకి అంటే చాలు, దొంగ తన భుజం తనే తడుముకుంటాడు. డిస్టోపియా కథల్లో రూపకం చేసే పని సరిగ్గా ఇదే. రేపటి నరకం చూపిస్తానంటూ పిలిచి ఇవాళ్టి దొంగను నిలబెట్టడం. పేరు పెట్టకుండా. వేలు చూపించకుండా.

మామూలు కవి ‘పాలకుడు పందిలాంటివాడు’ అని రాస్తాడు. పాలకుడు నవ్వి, శాలువా కప్పి, ఉగాది పురస్కారం ఇచ్చి పంపేస్తాడు. ఈ రచయితలు ఆ అవకాశం ఇవ్వరు. పందిని నేరుగా యజమాని ఇంట్లోకి తోలి, మంచమెక్కించి, విస్కీ తాగిస్తారు. పోలిక చెప్పరు. పోల్చుకునే పని మనకు వదిలేస్తారు. రే బ్రాడ్‌బరీ 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ రాశాడు. సెన్సార్‌షిప్ మీద ఉపన్యాసం దంచాడా? లేదు. అగ్నిమాపక సిబ్బంది చేతిలోంచి నీళ్ల గొట్టం లాగేసి కిరోసిన్ గొట్టం పెట్టాడు. ఆర్పాల్సినవాడే అంటిస్తున్నాడు. చదవగానే మీకు ఎవరెవరు గుర్తొచ్చారు? ఆ పేర్లు బ్రాడ్‌బరీకి తెలియవు. మీకు తెలుసు. ఆయన రాసింది సగమే, మిగతా సగం మీ ఊరి సంగతి.

వాళ్లందరికన్నా ముందే, 1920–21లో, రష్యాలో యెవ్‌గెనీ జమ్యాతిన్ ‘మేము’ అనే నవలలో ఊరు ఊరంతటికీ గాజు గోడలు కట్టాడు. తెర దించుకోవాలంటే సర్కారు చీటీ కావాలి. తప్పు చేయనివాడికి భయమెందుకండీ అని మనవాళ్లు ఇవాళ అమాయకంగా అడుగుతారే, ఆ ప్రశ్నకు వందేళ్ల కిందటే కట్టిన ఇల్లు అది. సోవియట్ పాలకులు భుజాలు తడుముకున్నారు. ఆ పుస్తకం సొంత దేశంలో అచ్చవడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. జమ్యాతిన్ ఆగలేకపోయాడు. 1937లో పారిస్‌లో పోయాడు.

తడుముకున్నవాళ్ల మీద నాకు అంత కోపం లేదు. 2014లో థాయ్‌లాండ్ సైనిక పాలకులు ‘హంగర్ గేమ్స్’ సినిమాలోని మూడు వేళ్ల వందనం చేసిన విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. 2022లో బెలారస్ ఆర్వెల్ మరో నవల ‘1984’ అమ్మకాలు ఆపించింది. దుర్మార్గులే, సందేహం లేదు. కానీ కథ వాళ్లకు అర్థమైంది. నిషేధం అంటే ఏమిటి? అది మా గురించే అని సంతకం పెట్టి మరీ ఒప్పుకోవడం. నా మంటంతా రెండో రకం మీద. భుజం మీది బూడిదను దులుపుకోరు, దాచుకోరు. దాన్నే అత్తరులా పూసుకుని, ఆహా ఏం రూపకమండీ అని చప్పట్లు కొడతారు. తర్వాత గుమ్మడికాయల కంపెనీ పెడతారు.

ముందు మన చదువుల సంగతి చూద్దాం. ‘యానిమల్ ఫామ్’ పాఠంగా ఉన్నచోటల్లా బజార్లో గైడు ఉంటుంది. నెపోలియన్ అనే పంది ఈజ్ ఈక్వల్ టు స్టాలిన్. స్నోబాల్ ఈజ్ ఈక్వల్ టు ట్రాట్‌స్కీ. బాక్సర్ అనే గుర్రం ఈజ్ ఈక్వల్ టు కార్మికవర్గం. రాసేయ్, ఐదు మార్కులు. సమానం గుర్తు పడిందంటే కేసు కొట్టేసినట్టే. స్టాలిన్ 1953లో పోయాడు. ట్రాట్‌స్కీ 1940లోనే పోయాడు. ఇక ఎవరికి భయం? ఆర్వెల్ కథలో కొట్టం గోడ మీద రాసుకున్న చట్టాలు రాత్రికి రాత్రి మారిపోతుంటాయి. పొద్దున్నే లేచిన జంతువులు, ‘ఇది నిన్న ఇలా లేదే’ అనుకుని, ‘మనకే గుర్తులేదేమో’ అని సర్దుకుంటాయి. ఆ పాఠం చదివిన కుర్రాడి కాలేజీలో ప్రాస్పెక్టస్‌లో ఒక ఫీజు, నోటీసు బోర్డులో ఒక ఫీజు. చేరిన రోజు ఒక రూలు, హాల్ టికెట్ ఇచ్చే రోజు ఇంకో రూలు. వాడికి గోడ గుర్తొస్తుందా? రాదు. ఆ గోడ రష్యాలో ఉందని గైడు చెప్పింది మరి!

అదే సమానం గుర్తును డబ్బు పోసి కొనుక్కున్న ఘనులూ ఉన్నారు. పుస్తకం చివర పందులూ మనుషులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కిటికీలోంచి చూసే జంతువులకు ఎవరు పందో ఎవరు మనిషో తేడా తెలియదు. అంటే దెబ్బ మాస్కోకొక్కదానికే కాదు, ఇవతలి దొరలకు కూడా. 1954లో బ్రిటన్‌లో ఆ కథను కార్టూన్ సినిమాగా తీశారు. డబ్బు రహస్యంగా అమెరికా సీఐఏ నుంచి వచ్చింది. ముగింపు మారిపోయింది. ఆ చివరి బల్ల దగ్గర మనుషులు మాయం. పందులు మాత్రమే మిగిలాయి. మిగతా జంతువులు వాటి మీద తిరగబడ్డాయి. తమకు తగిలే సగాన్ని కోసేసి, అవతలివాడికి తగిలే సగాన్ని ప్రపంచమంతా తిప్పారు. మాస్కో మొత్తం పుస్తకాన్ని అటకెక్కించింది. వాషింగ్టన్ సగం పుస్తకాన్ని ఊరేగించింది. ఏది పెద్ద నేరం? పరీక్షలో అడగరు లెండి.

ఇక వ్యాపారులు. ‘1984’లో పార్టీవాళ్ల ఇంటింటికీ ఒక తెర. అది మాట్లాడుతుంది. చూస్తుంది. కట్టేయడానికి వీల్లేదు. దాని వెనక పెద్దన్న. 1999లో నెదర్లాండ్స్ టీవీవాళ్లు ఆ పెద్దన్న పేరే తీసి ఒక ఆటకు పెట్టుకున్నారు. 2017లో అది ‘బిగ్ బాస్’గా తెలుగింటికీ వచ్చింది. ఇంటినిండా కెమెరాలు. కనిపించని గొంతు ఆజ్ఞలిస్తుంది. కూర్చోమంటే కూర్చుంటారు, గుంజిళ్లు తీయమంటే తీస్తారు. వారాంతంలో పెద్ద హీరో వచ్చి తీరిగ్గా పంచాయతీ చేస్తాడు. ఇంతవరకూ వింతేమీ లేదు. అసలు వింతంతా శిక్షలో ఉంది. ఆర్వెల్ కథలో మనిషి ఆ తెర చూపు పడని మూల వెతుక్కుని, ఒదిగి కూర్చుని డైరీ రాసుకుంటాడు. ఇక్కడ కెమెరా ముందు నుంచి తీసేయడమే శిక్ష! దాని పేరు ఎలిమినేషన్. తలుపు తెరుచుకుంటుంది. బయట స్వేచ్ఛ. లోపలివాళ్లు ఏడుస్తారు, బయటికొచ్చేవాడు అంతకన్నా వెక్కి వెక్కి ఏడుస్తాడు. జైలు తలుపు తీస్తే బావురుమనే ఖైదీని ఆర్వెల్ ఊహించాడా? (చివరి పేజీలో కొంచెం ఊహించాడనుకోండి.) ఇంతకీ ఎవరిని నిఘాలో ఉంచాలో తేల్చేది ఎవరు? మనమే. ఫోన్‌లో ఓట్లు గుద్ది మరీ. మునిసిపల్ ఎన్నికలకు కదలని వేలు దీనికి అర్ధరాత్రి కూడా కదులుతుంది.

బీబీసీ మాత్రం తక్కువ తిందా? 1941 నుంచి 43 దాకా ఆర్వెల్ అక్కడ ఉద్యోగం వెలగబెట్టాడు. ఇండియాకు యుద్ధకాలపు ప్రసారాలు పంపే పని. అక్కడ 101 నంబరు గదిలో మీటింగులు. కూర్చుని కూర్చుని విసిగిపోయి, నవలలో చిత్రహింసల గదికి ఆ నంబరే పెట్టాడంటారు. ఆఫీసు మీటింగులు తెలిసినవాళ్లకు వివరణ అక్కర్లేదు. బీబీసీ ఏం చేసింది? ఆ గది పేరుతోనే ఏళ్ల తరబడి కామెడీ షో నడిపింది. 2017లో తన ఆఫీసు బయట ఆయన విగ్రహానికి చోటిచ్చింది. తిట్టినవాడి నోరు మూయించాలంటే కంచులో పోత పోసెయ్యడమే మేలు. ఈ విద్య మనకు ఇంకా బాగా వచ్చు. ట్యాంక్‌బండ్ మీద నడిచి చూడండి.

మార్గరెట్ అట్వుడ్ 1985లో ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ రాసింది. ఎర్రటి అంగీ, పక్కలకు చూడనివ్వని తెల్లటి టోపీ. ఆ ఆడది ఒక గర్భసంచి. అంతకుమించి ఆ రాజ్యానికి ఆమెతో పని లేదు. యజమాని పేరు తప్ప సొంత పేరు లేదు. 2017లో అమెరికాలో, టెక్సాస్ చట్టసభ లోపలికే స్త్రీలు ఆ ఎర్ర అంగీలు వేసుకుని వచ్చి కూర్చున్నారు. నోరు విప్పక్కర్లేకపోయింది. రూపకాన్ని వాడటమంటే అదీ. సరిగ్గా మరుసటి ఏడాది ఆ కథ హక్కులున్న సంస్థ ఒకటి అదే పాత్రల పేర్లతో వైన్ సీసాలు దింపింది! సొంత పేరు కూడా లేని ఆ బానిస పేరు మీద పినో నోయిర్. జనం దుమ్మెత్తి పోస్తే ఒక్కరోజులో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఇంకో కంపెనీ ఆ ఎర్ర అంగీని పొట్టిగా కత్తిరించి హాలోవీన్ వేషంగా అమ్మకానికి పెట్టింది. దాన్నీ తీసేశారు. క్షమాపణలు చెప్పారు. చెప్పారు సరే, ముందు ఆ ఆలోచన వచ్చిన మీటింగులో ఒక్కడూ నవల చదవలేదా? చదివే చేశారా? ఏది అయితే ఎక్కువ భయపడాలి మనం?

‘స్క్విడ్ గేమ్’ కథ చెప్పనక్కర్లేదు, మీ పిల్లలే మీకు చెప్పి ఉంటారు. అప్పులపాలైన 456 మందిని పిల్లల ఆటలు ఆడించి, ఓడినవాళ్లను చంపుతూ, డబ్బున్నవాళ్లు వేడుక చూస్తారు. కొరియా దర్శకుడు అది రాసుకుని పదేళ్లకు పైగా నిర్మాతల కోసం తిరిగాడు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి లోకాన్ని ఊపేసింది. 2023లో ఆ నెట్‌ఫ్లిక్సే నిజంగా 456 మందిని తెచ్చి, అదే రంగు బట్టలు తొడిగి, 45.6 లక్షల డాలర్ల బహుమతి పైన వేలాడదీసి, అవే ఆటలు ఆడించింది. చలిలో గంటల తరబడి కదలకుండా నిలబెట్టారని ఆడినవాళ్లు గోల పెట్టారు. చంపలేదు కదా అంటారా? నిజమే. ఆ మాత్రం తేడా ఉంది. కథలో ముసుగులేసుకుని వేడుక చూసే ధనవంతుల పాత్ర ఒక్కటే ఖాళీగా మిగిలింది. నెలవారీ చందా కట్టి ఆ ఖాళీ మనమే నింపాం.

2009 జులైలో ఇంకో ముచ్చట. అమెరికాలో కిండిల్‌లో ‘1984’, ‘యానిమల్ ఫామ్’ కొనుక్కున్న పాఠకులు కొందరు చూసుకునేసరికి పుస్తకాలు లేవు. అమ్మినవాడికి హక్కుల్లేవట. అమెజాన్ డబ్బు వాపసు ఇచ్చి, పుస్తకాలను దూరం నుంచే తుడిచేసింది. అడగలేదు, చెప్పలేదు. ఒక స్కూలు విద్యార్థి రాసుకున్న నోట్సు కూడా అక్కరకు రాకుండా పోతే కోర్టుకెక్కాడు. కంపెనీ అధిపతి తర్వాత లెంపలేసుకున్నాడు. ‘1984’ నవలలో, పాత సాక్ష్యాలను తోసేసి కాల్చే కన్నం గోడలో ఉంటుంది. ఆర్వెల్ పాపం కాగితాల కాలపు మనిషి. అంత దూరం ఆలోచించలేకపోయాడు.

మరి మన గడప లోపల? హైదరాబాద్ పోలీసులు వీధివీధినా కెమెరాలు పెట్టించే పథకానికి ఏం పేరు పెట్టారో తెలుసుగా? ‘నేను సైతం’! ‘మహాప్రస్థానం’లోంచి ఊడబెరికిన రెండు మాటలు. ఆ మాటలున్న కవితలో శ్రీశ్రీ లోకం కోసం తన్ను తాను ధారపోసుకుంటానంటాడు. ఈ పథకంలో కాలనీవాళ్లు చందాలేసుకుని, తమ వీధికి తామే కెమెరా కొని, దాని చూపును ఠాణాకు ధారపోస్తారు. శ్రీశ్రీ ఎవరు? 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘానికి, అంటే విరసానికి, తొలి అధ్యక్షుడు. ఆ విరసాన్నే 2005లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. సంఘం వద్దు, కవిత కావాలి. మనిషి వద్దు, మాట కావాలి. జమ్యాతిన్ నవలలో గాజు గోడలు సర్కారు ఖర్చు. ఇక్కడ గాజు ఖర్చు కూడా మనదే! గొలుసు దొంగలు దొరికారు, కాదనను. దొంగల్ని పట్టే కెమెరాను కెమెరా అనే పిలవచ్చుగా? విప్లవ కవిని తెచ్చి స్తంభానికి కట్టాలా?

ఇందులో పార్టీల తేడా వెతక్కండి. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ప్రతి నాయకుడూ ఆర్వెల్‌ను తెగ తలచుకుంటాడు. నియంతృత్వం, నిఘా, పోలీసు రాజ్యం అని గొంతు చించుకుంటాడు. అధికారంలోకి వచ్చిన వారానికి అదే నిఘా సామగ్రికి టెండర్లు పిలుస్తాడు. ప్రతి ఒక్కడికీ ఆ కథ పక్కవాడిదే. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ భవనం అట్టహాసంగా మొదలైంది. ప్రభుత్వం మారింది. భవనం మారలేదు.

సినిమాకొద్దాం. మనవాళ్లు డిస్టోపియాను పెద్ద ఎత్తున తీసింది ‘కల్కి 2898 ఏడీ’. 2024 జూన్ 27న విడుదల. నాగ్ అశ్విన్ అల్లిన రూపకంలో నిజంగా దమ్ముంది. గంగ ఎండిపోయిన కాశీ. కింద దుమ్ము, ఆకలి, వేట. పైన తలకిందులుగా వేలాడే పిరమిడ్, దాని పేరు కాంప్లెక్స్. నీళ్లు, చెట్లు, తిండి అన్నీ అందులోనే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. భూమిని పీల్చేసి పైన దాచుకున్నవాళ్ల బొమ్మ అంతకన్నా సూటిగా గీయగలమా? సరిగ్గా ఆ సినిమాకే టికెట్ ధర పెంచుకోండి బాబూ అని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతులిచ్చాయి! తెర మీద కాంప్లెక్స్, తెర ముందు మల్టీప్లెక్స్. పైకి పోవడానికి యూనిట్లు చాలని హీరోను చూడటానికి, జేబులో డబ్బు చాలని కుర్రాడు మొదటి వారమంతా బయటే ఉన్నాడు. ఈ మాట ఒక్క సమీక్షలోనైనా చదివారా? మనం ఏం మాట్లాడుకున్నాం? ప్రభాస్ ఎంట్రీ ఎన్నో నిమిషంలో? బుజ్జి కారు బరువెంత? గ్రాఫిక్స్ హాలీవుడ్‌కు దీటేనా? గంగను తాగేసింది ఎవరని ఎవరైనా అడిగారా? ఆ కాంప్లెక్స్‌ను ఏలే యాస్కిన్ ఎవరు అని తలలు బద్దలుకొట్టుకున్నాం గానీ, మన యాస్కిన్ ఎవరు అని ఒక్కసారైనా అనుకున్నామా? ఊరి చెరువు పూడ్చి గేటెడ్ కమ్యూనిటీ కట్టి, దానికి ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టినవాడు కూడా ఆ సినిమా బాల్కనీలో కూర్చుని చూశాడు. ఈల కూడా వేశాడేమో.

రచయితకు ఇంతకన్నా అవమానం ఉండదు. జైల్లో పెడితే ఆయన మాట గెలిచినట్టు. బొమ్మ చేసి అమ్మితే ఓడినట్టు. ఇందులో మన వాటా లేదని మాత్రం అనకండి. ఎవడో ఏదో నిషేధించగానే ఆర్వెల్ ఎప్పుడో చెప్పాడు అని స్టేటస్ పెట్టేవాళ్లలో ఆ నవల చివరిదాకా చదివినవాళ్లు ఎందరు? సీసా కొన్నవాడు, టికెట్ కొన్నవాడు, ఓటు గుద్దినవాడు ఎవరు? అమ్మేవాడికి సిగ్గు లేదు సరే. కొనేవాడికి?

ఒక్క ఉదంతం చెప్పి వదిలేస్తాను. బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ పుస్తకాలు తగలబెట్టే కథ కదా. 1967లో బ్యాలంటైన్ సంస్థ దాన్ని స్కూళ్ల కోసం ప్రత్యేకంగా అచ్చేసింది. రచయితకు చెప్పకుండా 75 చోట్ల మాటలు మార్చేసింది. బూతులనిపించినవి తీసేశారు. తాగుబోతును రోగిని చేశారు. ఒకచోట బొడ్డు శుభ్రం చేసుకునే ప్రస్తావన ఉంటే, బొడ్డు అసభ్యమని చెవులు పెట్టారు! 1973 వచ్చేసరికి అసలు పుస్తకం ఆపేసి ఈ కోత పుస్తకాన్నే అందరికీ అమ్మారు. సెన్సార్‌షిప్‌ను తిట్టే నవలను సెన్సార్ చేసి, సెన్సార్‌షిప్ తప్పని బళ్లలో పాఠం చెప్పించారు. రచయితకు 1979 దాకా తెలియదు. విమర్శకులెవరూ పట్టుకోలేదు. ప్రొఫెసర్లు పట్టుకోలేదు. విద్యార్థులు ఉత్తరాలు రాసి తనకు చెప్పారని బ్రాడ్‌బరీయే తర్వాత రాసుకున్నాడు. ఆయన మండిపడితే 1980లో అసలు పాఠం మళ్లీ అచ్చయింది. కోత ప్రతులు మాత్రం పాత పుస్తకాల్లో కలిసి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ నవల కనబడితే, బేరమాడే ముందు బొడ్డు ఉందో లేదో చూసుకోండి.